జేబులు దులిపించిన టీచరమ్మ

పోయిన ఆదివారం ఆళ్లగడ్డలో మా సంఘానికి బైబిలు వాక్యం చెప్పి వేదిక దిగాను. ముఖం తుడుచుకుంటుంటే చంటి మనవణ్ణి చంకనేసుకున్న ఒకామె దగ్గరికొచ్చి, "అన్నా, నంద్యాల టీచరమ్మ పోయిందంట" అన్నది. ఇద్దరం అక్కడే బెంచీ మీద కూలబడ్డాం. కాసేపు ఏడ్చి, కొంగుతో కళ్లొత్తుకుని, ఉన్నట్టుండి నవ్వింది. "నా పావడా మడతలో దాచుకున్న నెమలీక కూడా వదల్లేదు కదన్నా ఆయమ్మ" అన్నది.

ఆ నవ్వు చూశాకనే ఇది రాయాలనిపించింది. ఏడవడానికి కాదు, గర్వంగా చెప్పుకోవడానికి.

డెబ్బైల్లో నంద్యాల బడిలో ఆమె సైన్సు చెప్పేది. ప్రతి దసరా సెలవుల్లో పిల్లలను వెంటబెట్టుకుని బస్సులో ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం పోయి, ఒక సత్రం వరండాలో మకాం పెట్టేది. పగలంతా నల్లమలలోనే బడి. వంట గిన్నెలు మోయడానికి, పొద్దున్నే ప్రార్థన చేయడానికి నన్ను ఆళ్లగడ్డలో ఎక్కించుకునేవాళ్లు. నరసింహస్వామి ఊళ్లో నీకేం పనని మా సంఘంలో కొందరు ఎగతాళి చేశారు. చెట్లను చేసినవాడు ఎవరో నాకు తెలుసు, కాబట్టి పోయాను.

మొదటిరోజు పొద్దున్నే గొంతెత్తి ప్రార్థన మొదలుపెట్టాను. నాది మైకు అక్కర్లేని గొంతు. ఆమె పక్కకొచ్చి మెల్లగా, "అన్నా, దేవుడు ఈడ దగ్గర్లోనే ఉండాడు. కొంచెం తగ్గించు. పిట్టలు లేచిపోతాండాయి" అన్నది. పిల్లలు నోళ్లు మూసుకుని నవ్వారు. నా జన్మలో గుసగుసగా ప్రార్థన చేసింది అక్కడే.

నేను బడిలో చదువుకున్నవాణ్ణి కాను. వాక్యం ముందు పెట్టుకుని అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి. అయినా అడుగుతున్నాను, చెవులున్నవాళ్లు వినండి. మొదటి మనిషిని దేవుడు తోటలో పెట్టింది దేనికి? సేద్యం చేయడానికి, కాపలా కాయడానికి. పండ్లు తినే మాట ఆ తర్వాత వచ్చింది. మనం తినే మాట గట్టిగా పట్టుకుని, కాసే మాట గాలికి వదిలేశాం. ఆ వదిలేసిన మాట నాకు ఏ వేదిక మీదా దొరకలేదు. ఆమె వెనకాల అడవిలో నడుస్తుంటే దొరికింది.

నడిచేటప్పుడు ఆమె ఎప్పుడూ అందరికన్నా వెనక ఉండేది. చేతిలో చినిగిన గొడుగు. పిట్టను చూపించాలన్నా, పుట్టను చూపించాలన్నా దానితోనే. పిల్లలు ఏదైనా చెట్టు పేరు అడిగితే వెంటనే చెప్పేది కాదు. "ముందు ఆకు నలిపి వాసన చూడు. బెరడు తడుము. పేరు యాడికీ పోదు" అనేది. జొన్నరొట్టె తింటూ చీమల బారు పక్కన కూర్చుంటే ఇక ఆమెను లేపడం కష్టం.

ఆమె పెట్టిన కట్టుబాటు ఒకటుంది. తిరుగు బస్సు ఎక్కే ముందు పిల్లలంతా జేబులు, సంచులు, టిఫిను డబ్బాలు తిరగేసి దులపాలి. ఈక కానీ, రాయి కానీ, పాము కుబుసం కానీ, తీసిన చోటే పెట్టి రావాలి. "అడవికి మనం చుట్టాలం. చుట్టమైనోడు పెట్టింది తినాల. ఇల్లు ఊడ్చుకుపోగూడదు" అనేది.

ఒక ఏడు నంద్యాలలో గొడవ లేచింది. బడి కమిటీ పెద్దాయనకు బజారులో షరబత్తు అంగడి ఉండేది. ఆయన మాటే బడికి శాసనం. "చదువు చెప్పమంటే అడవులెంబడి తిప్పుతాండావంట. ఏ పామో కరిస్తే ఎవరమ్మా జవాబు?" అని ఆమెను నిలదీశాడు.

"మీరే వచ్చి చూడండి. చూసినాంక ఆపమంటే ఇంక జన్మలో పోను" అన్నది ఆమె.

ఆయన వచ్చాడు. చెట్టు కింద ముఖం ముడుచుకుని కూర్చునేవాడు, నడుమ నడుమ సంచీ తీసుకుని ఒక్కడే అట్లా పోయొచ్చేవాడు. చివరి రోజు పిల్లలు వరసగా నిలబడి జేబులు దులిపారు. అప్పుడు వరసలోంచి ఒక కూలివాళ్ల పాప ఆయన ముందుకు పోయి, "తాతా, నీ సంచీ కూడా చూపియ్యాల" అన్నది. మొన్న నాకు కబురు చెప్పినామే ఆ పాప.

నేను వెనక్కి రమ్మని సైగ చేశాను. ఆ పాప నా వైపు చూస్తే కదా.

"ఏందీ, నా సంచీనా? నేనేమన్నా బడిపిల్లోణ్ణా?" అన్నాడాయన.

"కాదు తాతా. చుట్టానివి."

ఆయన టీచరమ్మ వైపు తిరిగాడు. "నువ్వేమంటావమ్మా?"

ఒక్క మాటతో ఆ పాపను పక్కకు తప్పిస్తే చాలు, ఆమె మకాములకు ముప్పు తప్పుతుంది. నేనైతే అదే చేసేవాణ్ణి. ఆమె గొడుగు నేలకానించి, "పాప సరిగ్గానే అడిగింది కదా" అన్నది.

ఆయన సంచీ విప్పాడు. లోపల మట్టి ఆరని నన్నారి వేర్లు, తీగతో సహా. "షరబత్తుకు బాగుంటాయి. ఈడ ఊరికే ఉండాయని తవ్వినా" అన్నాడు. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రాయినైతే తీసిన చోట పెట్టొచ్చు. తవ్విన వేరును ఎట్లా పెట్టేది?

"గుంత యాడుందో చూపించండి" అన్నది ఆమె.

అందరం పోయాం. పెద్దాయన పంచె ఎగగట్టి, మోకాళ్ల మీద కూర్చుని వేర్లు గుంతలో పెట్టి మట్టి కప్పాడు. పిల్లలు నీళ్లు పోశారు. తిరిగొచ్చేసరికి బస్సు పోయింది. ఇంకో బస్సు వచ్చేదాకా ఆయన అందరికీ దూరంగా కూర్చుని గోళ్లలో మట్టి తీసుకుంటూ ఉన్నాడు. ఇదే ఆఖరి మకాం అనుకున్నాను. ఆళ్లగడ్డలో నేను దిగబోయేసరికి ఆయన ఆమె సీటు దగ్గరికొచ్చి, "వచ్చే ఏడు కూడా పోవాల. అది బతికిందో లేదో చూడాల కదా" అన్నాడు.

మరుసటి దసరాకు పోయి చూస్తే అక్కడ ఎండిన పుల్ల ఉంది. ఆయన గొంతు తగ్గించి, "పక్కన పచ్చని తీగ ఉంది. అదేనని చెప్తే పోతుంది. పిల్లోళ్లకేం తెలుసు?" అన్నాడు.

"మీరు నాటింది అది కాదు కదా" అన్నది టీచరమ్మ.

ఆయన ఆ పుల్లను పెరికి చేతిలోకి తీసుకున్నాడు. ఆ తర్వాత ఆయనే పిల్లలను పిలిచాడు. "నేను తవ్వినా. మళ్లీ నాటినా. బతకల్యా. తవ్వకుంటే బతికుండేది" అన్నాడు. మారుమనస్సు గురించి నేను ఎన్నో ఊళ్లలో గొంతు చించుకున్నాను. అంత చిన్న ప్రసంగం, అంత నిజమైనది, నా నోట ఎప్పుడూ రాలేదు. ఆమె బడిలో ఉన్నన్నాళ్లూ ఆ మకాములకు మళ్లీ ఎవరూ అడ్డం చెప్పలేదు.

పుల్ల చూసిన ఆ సాయంత్రం తిరిగి వస్తుంటే భవనాశి వాగు మోకాలి లోతు పారుతోంది. టీచరమ్మ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని వాగు నడుమ నిలబడింది. ఒక్కొక్క బిడ్డ చెయ్యి అందుకుని అవతలికి దాటిస్తోంది. పిల్లలంతా దాటాక గట్టు మీద పెద్దాయన ఒక్కడే మిగిలాడు. ఆమె చెయ్యి చాచింది. ఆయన చెప్పులు విడిచి చంకలో పెట్టుకుని, ఆ చెయ్యి పట్టుకుని నీళ్లలోకి దిగాడు.