స్టాండు మీద ఆగని బండి

2024 ఫిబ్రవరి. సూరత్‌లో ఉత్తరాయణ్ అనే పతంగుల పండుగ ముగిసి మూడు వారాలైంది. హజీరాలోని ఒక కర్మాగారంలో ముప్పై ఏళ్లు ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చేసి రిటైరయ్యాక నేను సూరత్ శివారు ఉన్ ప్రాంతంలో ఉంటున్నాను. పక్క గల్లీ రాజయ్య తన పాత మోటార్‌సైకిల్‌ను తోసుకుంటూ మా ఇంటికి వచ్చాడు. ఆయన ఊరు జగిత్యాల వైపు. పని మరమగ్గాల మిల్లులో.

“సార్, జర సూడుండ్రి. మల్ల బంద్ వడ్డది. ఇంకోపారి లేటయితే నా సాంచాలు వేరేటోనికి ఇస్తా అన్నడు సేఠు.”

సాంచాలంటే ఆయన నడిపే మగ్గాలు. పన్నెండేళ్లుగా అవి ఆయన చేతి కిందే ఉన్నాయి.

అప్పటికే ఒక మెకానిక్ బ్యాటరీ మార్చాడు. ఇంకొకడు ప్లగ్గుకు కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిల్ మార్చాడు. మూడోవాడి దగ్గరికి నేనూ వెళ్లాను. వాడు బండికి సెంటర్ స్టాండు వేసి ఒక్క కిక్కు కొట్టగానే ఇంజన్ అందుకుంది.

“దేఖో కాకా, ఏక్‌దమ్ బరాబర్. గాడీ పురానీ హై, బేచ్ దో.” బండి పాతది, అమ్మేయమంటున్నాడు.

ఎక్కడెక్కడ ఆగుతోందో అడిగావా అన్నాను.

“పూఛ్‌నే సే క్యా హోగా?” అడిగితే ఏమవుతుందని నవ్వాడు.

నాకు ఒళ్లు మండింది. ఒక్క ప్రశ్న అడగకుండా ఆపరేషన్ చేసే డాక్టరును మనం ఒప్పుకుంటామా? బాగున్న భాగాలు పీకేసి, చివరికి నేరం బండి వయసు మీదికి నెట్టడం ఏం పనితనం?

వచ్చిపోయే లోపాన్ని మేము ఇంటర్మిటెంట్ ఫాల్ట్ అంటాం. దాన్ని పట్టడానికి మీటరు కంటే ముందు కాగితం కావాలి. రాజయ్యకు ఒక నోటుపుస్తకం ఇచ్చి, ఆగిన ప్రతిసారీ ఎక్కడ ఆగిందో, అప్పుడు ఎటు తిరుగుతున్నాడో రాయమన్నాను.

“ఏంది సార్, బండికి జాతకం రాస్తమా?”

“రాయవయ్యా. నీ సాంచాల జాతకమూ అందులోనే ఉంది.”

నాలుగు రోజుల్లో ఐదుసార్లు ఆగింది. గల్లీ మొదట్లో, మిల్లు గేటు దగ్గర, అన్నీ ఎడమ మలుపులే. ఆగాక సైడు స్టాండు వేస్తే హ్యాండిల్ ఎడమకే వాలుతుంది. ఎన్ని కిక్కులు కొట్టినా లేవదు. షాపులో సెంటర్ స్టాండు మీద హ్యాండిల్ తిన్నగా ఉంటుంది. అందుకే అక్కడ ఎప్పుడూ ఆగలేదు.

ఇంజన్ నడుస్తుండగా హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు తిప్పాను. టప్పున ఆగింది. ఇంజన్ ఆపే కిల్ స్విచ్ వైరు వెంబడి వేలు పోనిచ్చాను. పతంగుల మాంజా మెడకు తగలకుండా ఇక్కడ పండుగకు ముందు హ్యాండిల్‌కు ఇనుప గార్డు బిగిస్తారు. ఆ గార్డు క్లాంపు కింద వైరు నలిగి, రాగి బయటపడింది. హ్యాండిల్ ఎడమకు తిరిగినప్పుడు వైరు సాగి ఆ రాగి ఇనుముకు తగులుతోంది, తగిలితే స్విచ్ నొక్కినట్టే.

“ఈ గార్డు ఏ గాడిద బిగించాడు?” అని అరిచాను.

రాజయ్య తల వంచుకున్నాడు. “ఇడిసిపెట్టుండ్రి సార్.”

“పేరు చెప్పవయ్యా!”

“పండుగకు ముందుగాల... మీరే గద సార్.”

వైరుకు టేపు చుట్టి, క్లాంపు జరిపి ఆయనను పంపాను. ఆ రోజు షిఫ్టుకు వేళకే చేరాడు. సాంచాలు ఆయనకే మిగిలాయి. ఇంట్లోకి వెళ్లి నా డైరీలో జనవరి పేజీలు తిప్పాను. “పక్క గల్లీలో తొమ్మిది బండ్లకు గార్డులు బిగించాను. పని చక్కగా కుదిరింది.” నా దస్తూరీయే.

సాయంత్రం మిగిలిన ఎనిమిది బండ్లూ చూశాను. ఇంకో రెండింటిలో వైరు నలిగే ఉంది.

ఆ మెకానిక్‌ల మీద నా కోపం ఈనాటికీ తగ్గలేదు. కాకపోతే ఇప్పుడు ఏ బండి వచ్చినా నేను రాసుకునే మొదటి ప్రశ్న వేరు: లోపం మొదలయ్యే ముందు దీని మీద చివరగా చెయ్యి వేసింది ఎవరు? ఆ ముగ్గురూ అది అడగలేదు. నేనూ అడగలేదు.