ఒళ్లో పెట్టిన బిడ్డ

ఆమె పేరు అడగాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. కడపకు పోయే రైల్లో, ఆడవాళ్ల పెట్టెలో నా పక్కన కూర్చుని, బుర్ఖా పైకెత్తి బిడ్డకు పాలిస్తోంది. నేనూ, మగవాళ్ల పెట్టెలో ఉన్న మా ఆయనా ఒంటిమిట్ట రాముడి మొక్కుకు పోతున్నాం. నాకు పుట్టిన ముగ్గురూ దక్కలేదని తెలిసినవాళ్లెవరూ పసిబిడ్డను నా చేతికిచ్చేవారు కాదు. అలవాటుకొద్దీ కిటికీ వైపు జరిగాను.

"ఏమక్కా, అట్ల జరుగుతాండావు?" అంది.

చెప్పాను. మా ఆయన పటాలం నుంచి పుండ్లతో వచ్చాడనీ, అవి వాటంతటవే మానిపోయాయనీ కూడా చెప్పేశాను.

ఆమె దగ్గరికి జరిగి బిడ్డను నా ఒళ్లో పెట్టింది.

"నాకూ ఇద్దరు పోయినారక్కా," అంది గొంతు తగ్గించి. "అది సవాయి రోగం, మొగోళ్లు బయట తెచ్చుకునే సుఖరోగం. పైకి మానినా లోపల ఉంటాది, కడుపులో బిడ్డకూ అంటుకుంటాది. కడపాసుపత్రిలో మా ఇద్దరికీ వారం వారం సూదులేసినారు. ఆ తర్వాత పుట్టినాడు వీడు. నువ్వొక్కదానివే పోతే లాభం లేదు, మీ ఆయప్పనూ పిల్చుకోని పో."

బిడ్డ నా వేలు పట్టుకుని నిద్రపోయాడు.

ఒంటిమిట్టలో మా ఆయన కిటికీ దగ్గరికి పరుగెత్తుకొచ్చి, "ఇంకా కూచోనుండావే, దిగు!" అని అరిచాడు.

"మెల్లగా, బిడ్డ లేస్తాడు," అన్నాను. "పోయి నీ పెట్టెలో ఎక్కు. రాముడు యాడికీ పోడు. ముందు ఇద్దరం కడపాసుపత్రికి పోదాం."