రెండు దెబ్బల చెయ్యి

నారాయణపేట జిల్లా అయిన ఏడాదే మా సత్తమ్మక్క మణికట్టు విరిగింది. అదీ పోగు బిగిసేలా మగ్గం పలక కొట్టే చేతిది. ఒకే పడుగు మీద ఎనిమిది చీరలు రావాలి. అప్పటికి నాలుగు నేసింది. నేయించే రాంచందర్ సేటు మిగతా నాలుగూ వేరేవాళ్లతో నేయిస్తానన్నాడు.

“నా పడుగు మీద ఇంకోల్ల చెయ్యి పడదు సేటూ. జర ఆగు, నేనే నేస్త” అంది అక్క. అడగలేదు, చెప్పింది. ఆమె తీరే అంత. కట్టు విప్పాక రెండు నెలల్లో మగ్గమెక్కాలని సేటు గడువిచ్చాడు.

కట్టు విప్పాక చూస్తే చెయ్యి కొయ్యలా బిగిసిపోయింది. ఆమె ఎదురింట్లో టీవీలు బాగుచేసే ఎల్లస్వామిని నేను. పాత సామాన్లలో దొరికిన వీడియో గేమ్‌ను డబ్బా టీవీకి తగిలించి, మణికట్టు మళ్లీ ఆడాలని దాని జాయ్‌స్టిక్ కర్ర ఆమె చేతికిచ్చాను. తెర మీద ఏటవాలు బల్లపై ఒక బంతి, అడుగున దాన్ని పైకి తన్నే రెండు రెక్కలు. బంతి జారిపోకుండా ఆడాలి. బటన్ నొక్కి కర్ర కదిపితే, బల్లను కుదిపినట్టు బంతి పక్కకు తప్పుకుంటుంది. అతిగా కుదిపితే రెక్కలు పనిచెయ్యవు, బంతి పోతుంది.

అక్క ప్రతిసారీ రెండుసార్లు కుదిపేది. బంతి పోయేది.

“ఒక్కసారే అక్కా!”

“ఒక్క దెబ్బకు పోగు కూసుంటదా తమ్మీ?”

ముప్పై ఏళ్లుగా పోగు పోగుకూ రెండేసి దెబ్బలు వేసిన చెయ్యి అది. చెయ్యీ మొండిదే, మనిషీ మొండిదే.

నెలన్నరకు దారికొచ్చింది. ఒక్క కుదుపుతో బంతిని బతికించి నా స్కోరు దాటేసింది. నాకు కుళ్లు పుట్టిన మాట నిజం. మర్నాడే మగ్గమెక్కింది.

రెండు రోజులకు సేటు వచ్చి బట్ట తడిమాడు. “వదులైంది సత్తమ్మా. గిది నీ చెయ్యి కాదు. వారంల సరిచెయ్యకుంటే ఇంకోల్లకిస్త.”

ఆట నేర్పిన ఒక్క దెబ్బే నేతలోకి దిగింది. నేర్పింది నేను. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

అక్క ఏడవలేదు. జానెడు నేత విప్పేసి, సాయంత్రం వచ్చి కర్ర పట్టింది. రెండు కుదుపులు. బంతి పోయింది. మళ్లీ రెండు. మళ్లీ పోయింది. వారం రోజులు ఒక్క ఆటా నిలవలేదు.

“పోనీయ్ తమ్మీ, నా చెయ్యి నాకొస్తాంది” అని నవ్వేది.

ఎనిమిదో చీర దిగిన రోజు సేటు నాలుగోదాన్నీ ఐదోదాన్నీ పక్కపక్కన పరిచి, కళ్లు మూసుకుని నిమిరాడు. చెయ్యి ఎక్కడ విరిగిందో ఆయన వేళ్లకు దొరకలేదు.