రాక్షసగుళ్ళకి సున్నం

మా అత్తగారు సమాధుల పండగకి కొవ్వొత్తులు ఎప్పుడూ లెక్కకి ఒకటి ఎక్కువ కొంటారు. ఉయ్యూరు సమాధుల తోటలో మా మామగారికి ఆరు, ఆయన పక్కనే ఉన్న తమ్ముడుగారికి నాలుగు, పుట్టిన నెలకే పోయిన ఓ పసిబిడ్డకి ఒకటి. మొత్తం పదకొండు. ఆవిడ కొనేవి పన్నెండు. ఆ పన్నెండోది వెలిగించరు. రుమాల్లో చుట్టి మళ్ళీ ఇంటికి తెచ్చేస్తారు.

పెళ్ళయిన కొత్తలో నేను అది పొదుపనుకున్నాను. కరెంటు పోతే పనికొస్తుందని దాస్తున్నారని మా పుట్టింట్లో చెప్పి అందర్నీ నవ్వించాను కూడా. మాది ప్రొటెస్టెంటు కుటుంబం. మావాళ్ళు పోయినవాళ్ళ సంగతి దేవుడికి వదిలేసి, ఈస్టరు తెల్లవారుజామున సమాధుల దగ్గర నాలుగు పాటలు పాడి, ఇంటికొచ్చి ఇడ్లీలు తింటారు. ఆర్‌సీఎం క్యాథలిక్కుల ఇంటికి కోడలిగా వచ్చాకే నవంబరు రెండో తారీకంటే ఏమిటో తెలిసింది. సున్నం నానబెట్టడం, అందులో నీలిమందు చుక్కలు వెయ్యడం, గడ్డి పీకడం, బంతిపూల దండలు. పెళ్ళివారింటికి మించిన హడావిడి.

ఆ పన్నెండో కొవ్వొత్తి ఆవిడ వాళ్ళ అమ్మదని నాలుగేళ్ళకి తెలిసింది. మా అత్తగారికి తొమ్మిదేళ్ళప్పుడు ఆవిడ పోయిందట. కృష్ణ కరకట్ట కింద ఒక పల్లెలో మట్టి పోసి, తలవైపు ఒక ఇటుక పెట్టారట. తర్వాత తండ్రి చెరుకు కొట్టే పనికి పిల్లల్ని తీసుకుని ఉయ్యూరు వచ్చేశాడు. పెళ్ళయ్యాక ఈవిడ వెళ్ళి చూస్తే ఇటుక లేదు. ఆ చోటంతా కొత్త సమాధులు లేచాయి, ఒక పక్క గట్టు కోసుకుపోయింది. తల్లి ఎక్కడుందో చూపించేవాళ్ళు లేరు. పొదుపని నవ్వించినందుకు నాకు చాలా సిగ్గేసింది. ఫాదరుగారు మాత్రం, సమాధి తెలియనివాళ్ళ కోసం మధ్యలో పెద్ద సిలువ దగ్గర వెలిగించమ్మా, అందరూ అక్కడే వెలిగిస్తారు అని ఏటా చెప్తారు. ఈవిడ ఏటా ఒకటే జవాబు.

"అక్కడ వంద వెలుగుతుంటాయి ఫాదర్. మా అమ్మకి చూపు ఆనదు. తనదేదో ఎట్టా తెలుస్తుంది?"

ఇక మా ఆయన సంగతి. ఇన్సూరెన్సు ఆఫీసులో పని. యాభై దాటాక కొందరికి షుగరు వస్తుంది, కొందరికి భక్తి వస్తుంది. ఈయనకి చరిత్ర వచ్చింది. వాట్సాప్‌లో ఒక చరిత్ర గ్రూపులో చేరి, పెద్ద టోపీ, కాన్వాసు బూట్లు కొని, ఆదివారం చర్చిలో పూజ కాగానే ఎక్కడో ఒక రాయి చూడటానికి పోతారు. ఇంట్లో గ్రైండరు రాయి తిరగడం మానేసి నెలైంది, దాని వంక మాత్రం చూడరు.

పోయినేడు సమాధుల పండగ శనివారం పడింది. ఉయ్యూరు వెళ్ళి సున్నాలు వేసి, పూజ చేయించి, సాయంత్రానికి విజయవాడలో ఇల్లు చేరుకున్నాం. రాత్రి భోజనాల దగ్గర మా ఆయన ప్రకటన చేశారు. కొండపల్లి దాటాక అడవిలో రాక్షసగుళ్ళున్నాయట. రేపు వాటిని చూడ్డానికి వెళ్తారట.

"గుళ్ళా? మనకి గుళ్ళెందుకురా?" అన్నారు అత్తగారు.

"పేరుకే గుళ్ళమ్మా. నిజానికి సమాధులు. రెండు మూడు వేల ఏళ్ళనాటివి. అంతంత రాళ్ళు మనుషులు ఎత్తలేరని, రాక్షసులు కట్టారని జనం ఆ పేరు పెట్టుకున్నారు."

అత్తగారు కలిపిన ముద్ద కంచంలోనే ఉంచేశారు. "నేనూ వస్తా" అన్నారు.

మొదటి అంతస్తు మెట్లెక్కడానికి మూడుసార్లు ఆగే మనిషి. అడవిలో కిలోమీటరు పైన నడవాలి, మీ మోకాళ్ళో అన్నాను. "వాటి సంగతి అవి చూసుకుంటాయిలే అమ్మాయ్. నువ్వు పులిహోర కలుపు" అన్నారు. అంటే నన్ను కూడా చేర్చేశారన్నమాట.

పొద్దున్నే మొదటి పూజకి వెళ్ళి అటునుంచి అటే బయల్దేరాం. కొండపల్లిలో బొమ్మల దుకాణాలు ఇంకా తెరవలేదు. థర్మల్ పొగగొట్టాలు వెనకబడ్డాక మట్టిరోడ్డు వచ్చింది. చివరి పల్లెలో కారు ఆపి, మేకలు తోలుకెళ్తున్న ఒకాయన్ని దారి అడిగితే, "నేనూ అటే పోతున్నానండి, రండి" అన్నాడు. ఆయన వెనక మేకలు, మేకల వెనక టోపీ, టోపీ వెనక కర్రపట్టుకుని మా అత్తగారు, అందరి వెనకా వైరుబుట్ట మోస్తూ నేను.

"పులిహోర ఇంత బరువేంటి అత్తయ్యా?" అన్నాను కాసేపటికి.

"చింతపండు బరువమ్మా" అన్నారు వెనక్కి తిరక్కుండా.

అప్పుడే అనుమానించాల్సింది. డిగ్రీ కాలేజీలో ఇరవై ఏళ్ళుగా కెమిస్ట్రీ చెప్తున్నాను. చింతపండు బరువు నాకు తెలియదా? కాని చెమటతో బుర్ర పనిచెయ్యలేదు.

పొణికి చెట్లు, తునికి చెట్లు దాటాక కాస్త చదును వచ్చింది. అక్కడున్నాయి. నాలుగు పలకరాళ్ళు గోడల్లా నిలబెట్టి, పైన మంచమంత పలక కప్పారు. చుట్టూ గుండ్రాళ్ళు పేర్చారు. ఎదుటి పలకకి గుమ్మడికాయ పట్టేంత గుండ్రటి కంత. రాళ్ళనిండా తీగలు, చుట్టూ మోకాలెత్తు గడ్డి. నిజం చెప్పొద్దూ, నేను ఇంకా పెద్దగా ఊహించుకున్నాను. రాక్షసులకి ఇవి చాలవు.

మా ఆయన టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, ఉపన్యాసం మొదలెట్టారు. ఇనుము వాడటం నేర్చిన కాలమట. చనిపోయినవాళ్ళతోపాటు కుండలూ, కత్తులూ పెట్టేవాళ్ళట. "ఇది బహుశా ఒక నాయకుడిది" అన్నారు.

"కాదు, ఆడమనిషిది" అన్నారు అత్తగారు.

"నీకెట్టా తెలుసమ్మా?"

"మగాడైతే కిటికీ ఎందుకురా? కాళ్ళు బార్లా చాపుకుని పడుకునేవాడు. తల్లి కాబట్టే పెట్టించుకుంది, పిల్లలొస్తున్నారేమో చూసుకోటానికి."

గ్రూపులో పెద్దలు ఈ విషయం మీద చాలా రాశారని మా ఆయన చెప్పబోయారు. ఆవిడ వినలేదు. "వీళ్ళ తాలూకు ఎవరూ రారా?" అని మేకలాయన్ని అడిగారు.

"ఎవరొస్తారండి? ఎవరివో ఎవరికి తెలుసు" అన్నాడాయన. "పైన ఇంకో రెండున్నాయి, చూస్తారా?"

పైకంటే ఇంకా ఎక్కాలి. అత్తగారు తనవల్ల కాదని, ఇక్కడే నీడలో కూర్చుంటానని, తన గురించి దిగులు పడొద్దని, నెమ్మదిగా చూసి రమ్మని ఎంతో మర్యాదగా చెప్పారు. మా ఇంట్లో ఆవిడ అంత మర్యాదగా మాట్లాడితే ఏదో జరగబోతోందని లెక్క. అదీ నేను పట్టించుకోలేదు.

పైన ఉన్నవి విరిగిపోయిన రాళ్ళు. మా ఆయన వాటికి నలభై ఫొటోలు తీశారు. మేకలాయన తన మేకలతో అటే వెళ్ళిపోయాడు. మేమిద్దరం అరగంట తర్వాత దిగి వచ్చేసరికి అత్తగారు చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, కుంచె పట్టుకుని నిలబడి ఉన్నారు. చుట్టూ గడ్డి పీకి కుప్ప పెట్టారు. తీగలు లాగేశారు. పాత నెయ్యిడబ్బా మూత తీసి ఉంది. అందులో ముందురోజు మిగిలిన సున్నం. ఎదుటి పలక, కంత చుట్టూ, నడుమెత్తు వరకు తెల్లగా నిగనిగలాడుతోంది. నీలిమందు కూడా సరిగ్గా పడింది.

మా ఆయన పరుగెత్తుకొచ్చారు.

"అమ్మా, ఏం చేశావే?"

"సున్నం వేశాన్రా. పైన అందలేదు. నువ్వు వెయ్యి" అని కుంచె ఇవ్వబోయారు.

ఆయన తల పట్టుకుని కింద కూర్చున్నారు. ఇది సున్నాలు వేసే సమాధి కాదన్నారు. రాయిమీద పేరు గీకినా తప్పేనన్నారు. ఎవరైనా చూస్తే కేసవుతుందన్నారు. అన్నిటికన్నా, గ్రూపులో తెలిస్తే తన ముఖం ఎక్కడ పెట్టుకోవాలన్నారు. తర్వాత నావైపు తిరిగి, "కెమిస్ట్రీ కదా నీది. ఇది పోతుందా?" అని అడిగారు.

"ఆరకముందు కడిగితే పోతుంది. ఆరితే రాయి పట్టేస్తుంది" అన్నాను.

తాగడానికి తెచ్చుకున్న మూడు సీసాల నీళ్ళూ ఆ రాతికి పోశాం. ఆయన కొత్త తువ్వాలు, నా రుమాలు, చివరికి ఆ టోపీ కూడా తడిపి రుద్దారు. ఎండలో ముఖం ఎర్రబడింది. చరిత్ర వచ్చాక ఆయన చేసిన మొదటి పని అదే, మిగతాదంతా ఫొటోలే. అత్తగారు పక్కన రాయిమీద కూర్చుని, అడిగినా అడగకపోయినా, "అక్కడ మూలన ఉండిపోయింది చూడు" అని చెప్తూనే ఉన్నారు.

అంతా అయ్యాక ఆయన ఆయాసపడుతూ, "ఎందుకే అమ్మా ఇదంతా? వాళ్ళు మనకేమవుతారు?" అన్నారు. కోపంగా కాదు, నిజంగానే అడిగారు.

ఆవిడ గడ్డి పీకిన చేతులు కొంగుతో తుడుచుకున్నారు.

"మా అమ్మ మీద ఎవర్నో పెట్టుంటారు కదరా. వాళ్ళ పిల్లలు ఏటా వచ్చి సున్నం వేస్తారు. వాళ్ళకి తెలియదు, కింద ఇంకో ఆవిడ ఉందని. ఆ సున్నం మా అమ్మక్కూడా పడుద్ది. ఎవరో తెలియనోళ్ళు మా అమ్మకి యాభై అరవై ఏళ్ళుగా చేస్తున్నారు. నేను తెలియని మనిషికి ఒక్కసారి చేస్తే ఏం పోయింది?"

మా ఆయన ఇన్సూరెన్సు మనిషి. ఎవరేం అడిగినా ఏదో ఒక జవాబు ఉంటుంది. అప్పుడు మాత్రం తడి టోపీ పిండుకుంటూ నిలబడ్డారు. నా కళ్ళు తడయ్యాయి, సున్నం ఘాటని చెప్పుకున్నాను.

ఆవిడ రుమాలు విప్పి పన్నెండో కొవ్వొత్తి తీశారు. "ఇక్కడ ఈవిడ ఒక్కతే ఉంది. వేరే కొవ్వొత్తులేం లేవు. అమ్మకి కనపడుద్ది" అన్నారు.

గాలికి రెండు అగ్గిపుల్లలు ఆరిపోయాయి. మూడోదానికి మా ఆయన వచ్చి రెండు చేతులూ అడ్డం పెట్టారు. కొవ్వొత్తిని ఆ కంతలోంచి లోపల రాతిమీద నిలబెట్టారు. లోపల గాలి లేదు, మంట కదల్లేదు. అత్తగారు సిలువ గుర్తు వేసుకుని జపం మొదలెట్టారు. నేను రావడం మంచిదే అయింది, నిప్పు పక్కన ఎండుగడ్డి ఉండకూడదని ఆ గడ్డికుప్ప నేను దూరంగా లాగేశాను. అడవిలో నిప్పు వదిలి వెళ్ళకూడదు కాబట్టి ఆ కొవ్వొత్తి కరిగేదాకా ముగ్గురం అక్కడే కూర్చోవాల్సి వచ్చింది. గంటకి పైనే పట్టింది. నీళ్ళు లేకుండా పులిహోర తిన్నాం. గొంతు పట్టుకున్నప్పుడల్లా ఆయన నావైపు చూసేవారు, నేను రాతివైపు చూసేదాన్ని.

ఆ గంటలో అత్తగారు వాళ్ళ అమ్మ గురించి చెప్పారు. జొన్నరొట్టె అంచులు మాడ్చేదట. పాటలు తప్పు పాడేదట, పాటలో మాట గుర్తుకు రాకపోతే పిల్లల పేర్లు పెట్టి పాడేదట. పెళ్ళై ఇరవై ఎనిమిదేళ్ళైనా ఆ అమ్మమ్మగారి గురించి నాకు ఇటుక ఒక్కటే తెలుసు. ఆవేళ మిగతా మనిషి తెలిసింది.

కొవ్వొత్తి ఆరాక మైనం కూడా గీకి తీసి, తెచ్చిందంతా బుట్టలో సర్దుకున్నాం. వెళ్ళేముందు ఫొటో తీస్తూ మా ఆయన ఆగారు. కంత లోపలి అంచున అరచేయంత సున్నం ఉండిపోయింది.

"అక్కడింకా ఉందండీ" అన్నాను.

"అది పోవట్లేదు" అన్నారు.

వేలు పెట్టి చూశాను. ఎండ తగలక ఇంకా తడిగానే ఉంది, తువ్వాలుతో ఒక్కసారి తుడిస్తే పోయేది. బుట్ట ఎత్తుకుని దారి పట్టాను.

వారం తర్వాత ఆయన ఆ ఫొటో గ్రూపులో పెట్టారు. అందులో ఒక పెద్దాయన దాన్ని పెద్దది చేసి చూసి, కంత అంచున తెల్లటి గుర్తు కనిపిస్తోందని, ఆదిమానవుల చిత్రకళ కావచ్చని, లోతుగా పరిశీలించాలని రాశారు. మా ఆయన రెండు రోజులు ఫోను ముట్టుకోలేదు.

ఈ ఏడు మళ్ళీ సమాధుల పండగ వచ్చింది. ఉయ్యూరు సెంటర్లో ఎప్పుడూ కొనే కొట్టు దగ్గర ఆగాం. కొట్టాయనకి ఈవిడ లెక్క కంఠతా వచ్చు. అడక్కుండానే పన్నెండు కొవ్వొత్తులు తీసి కాగితంలో చుట్టబోయాడు.

"పదమూడివ్వు నాయనా" అన్నారు అత్తగారు.

ఇంట్లోవాళ్ళందర్నీ వరసగా లెక్కపెట్టుకున్నాను. ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. "ఇంకోటి ఎవరికి అత్తయ్యా?" అన్నాను.

ఆ మాత్రం తెలియదా అన్నట్టు చూశారు నావైపు.

"అడవిలో మా అమ్మకి చోటిచ్చినావిడకి" అన్నారు.