బీగం వేసిన పెట్రోలు మూత

1943లో, మదనపల్లెలోని నా మోటారు షెడ్డులో, నేనొక నిజం మింగేశాను. మోటారుసైకిలు పెట్రోలు మూతకు బీగం అవసరమా అని ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. ఆ నిజం చెప్పకుండా జవాబివ్వడం నావల్ల కాదు.

యుద్ధం రోజులు. పెట్రోలు కూపన్ల మీదే దొరికేది. పుంగనూరులో సొంత ఆస్పత్రి నడిపే డాక్టరు గారి మోటారుసైకిల్లో పెట్రోలు మాయమవుతూ ఉండేది. మూత తిప్పి, గొట్టం పెట్టి పీల్చేస్తే ఎవరికి తెలుస్తుంది? ఆయన అడిగితే పాత మూత మీద ఇత్తడి రేకు అతికి, కొక్కెం పెట్టి, బీగం అమర్చాను. బీగంచెవులు రెండు. ఒకటి డాక్టరు గారి దగ్గర, రెండోది పెట్రోలు పోసే అటెండరు దేవదానప్ప దగ్గర.

మూతకు వెంట్ అనే సన్నని రంధ్రం ఉంటుంది. పెట్రోలు తగ్గేకొద్దీ దానిగుండా ట్యాంకులోకి గాలి పోవాలి. లేకపోతే పెట్రోలు కిందికి దిగదు, ఇంజను ఆగిపోతుంది. నేను రేకు అతికినప్పుడు ఆ రంధ్రం టంకంతో పూడిపోయింది. చూసుకోలేదు. ఊళ్లో దగ్గర తిరుగుళ్లకు ఆ లోపం బయటపడలేదు.

సదుం దగ్గరి పల్లెలో కాన్పు కష్టమైందని కబురొచ్చి డాక్టరు గారు బయలుదేరారు. దారిలో బండి నాలుగుసార్లు ఆగింది. ఆయన చేరేసరికి తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు.

మరునాడు బండిని లారీలో వేయించుకుని డాక్టరు గారూ, దేవదానప్పా నా దగ్గరకు వచ్చారు. మూత తిప్పగానే గాలి ఉస్సుమంటూ లోపలికి పోయింది. నాకు అర్థమైపోయింది.

"పెట్రోల్లో ఏమైనా కలిపినారా మేస్త్రీ?" అన్నారు డాక్టరు గారు.

"కిరసనాయిలు కలిసినట్టుండాది సార్" అన్నాను.

దేవదానప్ప ముందుకు వచ్చాడు. "నేను యాల కలుపుతానప్పా? వాసన సూడు. నువ్వే సూడు."

వంగి వాసన చూశాను. మంచి పెట్రోలే. "నాకు జలుబు చేసిండాది" అన్నాను.

డాక్టరు గారు వంగలేదు. "బీగంచెవి నీ దగ్గరే కదా ఉండేది" అన్నారు, అంతే.

బీగం లేనప్పుడు అనుమానం ఊరందరి మీదా ఉండేది. బీగం వచ్చాక ఒక్కడి మీదే నిలిచింది. దేవదానప్ప పని పోయింది. తల్లీబిడ్డల ఉసురు పోసుకున్నాడన్నారు. చర్చిలో అతని పక్కన చాప మీద ఎవరూ కూర్చోలేదు. ఊరు విడిచిపోయాడు. వాళ్లు బండి తెచ్చిన సాయంత్రమే నేను సూదితో రంధ్రం తెరిచి బండి అప్పగించాను. "సూస్తివా, వాడు పోయినాక ఒక్కసారీ ఆగలేదు" అనేవారు డాక్టరు గారు. నేను తల ఊపేవాణ్ణి.

ఆరేళ్ల తర్వాత కుప్పం స్టేషన్లో దేవదానప్ప మూటలు మోస్తూ కనిపించాడు. అంతా చెప్పాను. మూట దించకుండానే విన్నాడు.

"ఆ పొద్దు నీకు జలుబు లేదని నాకు తెలుసప్పా."

"తప్పు నాది, దేవదానప్పా."

"నేను చేయలేదని నాకు తెలుసు కదా. నాకు చెప్పి ఏం లాభం? యాడ నా పేరు పోయిందో ఆడ చెప్పు."

ఆ ఆదివారం పుంగనూరు చర్చిలో, ప్రార్థన అయ్యాక, డాక్టరు గారి ఎదుట నిలబడ్డాను. బీగం అవసరమా అని అడిగేవాళ్లకు చెప్పేది ఇదే: వేయించుకోవాలనుకుంటే వేయించుకోండి; దొంగ ఎవరో మాత్రం అది చెప్పదు. నాకు తెలిసినది అంతే. డాక్టరు గారిని అడిగి తెచ్చుకున్న ఆ మూత చేతిలో పట్టుకుని ఆ రోజు చర్చిలో అన్నాను: "దేవదానప్ప పెట్రోల్లో ఏమీ కలపలేదు. ఈ రంధ్రం పూడ్చింది నేను. అబద్ధం చెప్పింది నేను. ఆ తల్లి తరపువాళ్లు, దేవదానప్ప, మీరందరూ నన్ను క్షమించండి."