మైకులో అయిదువేలు

ధామన్‌కర్ నాకా చౌరస్తాలో బస్సెక్కితే, నా పక్కన సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసే ఒకాయన కూర్చున్నాడు. తన బిడ్డ ఆడిన ఫుట్‌బాల్ మ్యాచ్ ముచ్చట ఎత్తాడు.

"పంచిన టికెట్లన్నీ కలుపుకొని, అయిదువేల మంది వచ్చిన్రని మైకుల చెప్పిన్రు అక్కా. ఒక్క ఇంచుల పోగులు లెక్కవెట్టి బట్ట వెడల్పంతటికీ చెప్తం గద, గట్లనే ఒక వరుస లెక్కవెట్టి చూసిన. మూడొందలు దాటలే!"

"అయ్యో! బిడ్డకు చెప్పినవా తమ్మీ?"

"చిన్నబోతదని చెప్పలే. బయటికొచ్చినంక అదే అన్నది, 'నాయినా, గంత ఖాళీ ఉండవట్టే నువ్వు కనవడ్డవ్. నిన్ను చూసుకుంటనే ఆడిన' అని."

ఆ మాట చెప్తూ, బిడ్డకు ఊపినట్టే చెయ్యెత్తి ఊపాడు.

ఇప్పుడు మా మనవరాలి కబడ్డీ ఆటకు పోతే నేను జనంలో కూర్చోను. ఖాళీగా ఉన్నవైపు చూసుకుని కూర్చుంటాను.