పైడిరాజు గీసుకున్న ముఖం

1994 వర్షాకాలం. కలకత్తాలో ఒక పెద్దాసుపత్రి క్యాన్సర్ సర్జరీ వార్డులో నేను స్టాఫ్ నర్సుని. మంచాలు చాలక రోగులు నేల మీద కూడా పడుకునేవారు. కట్లు మార్చీ మార్చీ సాయంత్రానికి చేతులు నావి కానట్టుండేవి. ఎవరి పేరూ గుర్తుండేది కాదు.

పైడిరాజు పేరు మాత్రం గుర్తుండిపోయింది. శ్రీకాకుళం నుంచి వచ్చి ఖిదిర్‌పూర్ డాక్‌లో స్థిరపడ్డ మనిషి. ఓడల మీద పేర్లు రాసే పెయింటర్. ఖైనీ పొగాకు నమిలి నమిలి పంటి చిగురు మీద పుండు లేచింది. అతనికి చేయాల్సింది హెమీమాండిబులెక్టమీ, అంటే కింది దవడలో సగం తీసేయడం. తీసిన చోట ఛాతీ నుంచి తెచ్చిన కండ, చర్మం కుడతారు. దాన్ని ఫ్లాప్ అంటాం.

నేను తెలుగుదాన్నని తెలియగానే అడిగాడు.

"సిస్టరమ్మా, కోసేసినాక నా మొగం ఏటైపోద్ది?"

డాక్టరుగారు చెప్పిందే తెలుగులో చెప్పాను. తలూపాడు.

ఆపరేషన్ తర్వాత గొంతులో గొట్టం; మాట లేదు. అద్దం అప్పుడే ఇవ్వొద్దన్నారు. భార్య నూకాలమ్మ రోజూ వచ్చేది. వచ్చి కిటికీ వైపు చూస్తూ కూర్చునేది. అతను ఆమెనే చూస్తుండేవాడు.

ఒక మధ్యాహ్నం సైగ చేసి కాగితం, పెన్సిల్ అడిగాడు. మంచినీళ్ళ కోసమో, నొప్పి గురించో రాస్తాడనుకున్నాను. ఎడమచేత్తో కట్టు తడుముకుంటూ తన ముఖం గీశాడు. ఒక సగం మనిషి. రెండో సగం పాత ఓడ అడుగులా నాచు, గుల్లలు. నోరు ఉండాల్సిన చోట నల్లటి గొయ్యి.

కాగితం చూసి నూకాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఓలమ్మో! ఇలాగ ఉన్నాననుకుంతన్నావేటి?" అంటూ మొదటిసారి అతని ముఖంలోకి చూసింది. "ఇంత లేదు మావా. వాసిపోనాది, ఓ పక్క దిగిపోనాది. అయినా నువ్వు నువ్వే."

డాక్టరుగారిని ఒప్పించి, కట్టు మార్చే వేళకి అద్దం తెచ్చాను. చాలాసేపు చూసుకున్నాడు. కళ్ళనీళ్ళు తుడుచుకుని కాగితం తిప్పి, అద్దంలో ఉన్నది ఉన్నట్టు, కుట్టు కుట్టూ గీశాడు.

కొన్నాళ్ళు మళ్ళీ డాక్‌కి వెళ్ళాడు. తర్వాత జబ్బు తిరగబెట్టి మా వార్డుకే వచ్చాడు. ఇక కోసి లాభం లేదన్నారు డాక్టరుగారు. ఈసారి ముద్దమాటలతో నేరుగా అడిగాడు.

"నొప్పుంతాదా అమ్మా?"

"ఉంటుంది. తగ్గడానికి మందిస్తాం. నూకాలమ్మని పక్కనే ఉండనిస్తాం."

"అయితే సరే" అన్నాడు.

మా పనిలో రోగాన్ని గెలవలేని రోజులే ఎక్కువ. ఏం తీసేస్తామో రోగికి చెబుతాం. అతను ఏం ఊహించుకుంటున్నాడో అడగం. పైడిరాజు పోయాక, ఎంత అలసిపోయి ఉన్నా, అది అడిగి విన్నాకే నేను రోగిని థియేటర్‌కి పంపేదాన్ని.